ఆట వెనుక నిలుచువారి చదువు



ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడినది మొదలు కళాశాలలలో చేరుటకు గడువు ముగియువరకు తెలుగునాట ఇంచుమించు ప్రతి గృహమునందును ఒకటే చర్చ జరుగుచుండును. కుమారుడు ఇంజనీరు కావలెనా, కుమార్తె వైద్యురాలు కావలెనా, లెక్కలు రానివానిని కామర్సులో చేర్పవలెనా యని తర్కించు ఆ పెద్దలు, ప్రతి సాయంకాలమును మైదానమున గడిపి బడికి నాలుగు కప్పులు తెచ్చిపెట్టిన పిల్లవాని వంతు వచ్చునప్పటికి, ఆటలు కూడు పెట్టునా యను ఒక్క ప్రశ్నతో ఆ ప్రకరణమును ముగించివేయుదురు. ఆ ప్రశ్న అన్యాయమైనదని నేననను. ఆటగాడుగా జీవనము గడపుట లక్షలలో ఏ కొలదిమందికో లభించు అదృష్టము. ఒక్కసారి మోకాలు మెలిపడినచో అంతటితో ముగియగల వృత్తి అది. అయితే ఆడువారే క్రీడారంగమంతయు అనుకొనుటయందు మాత్రము పొరపాటు కలదు. ఆడువానిచుట్టును ఆడించువారు, ఆడుచోటును కాపాడువారు, ఆడుదేహమును తీర్చువారు, ఆటకు ధనము సమకూర్చి లెక్క చెప్పువారు ఎందరో ఉన్నారు. వారి పనికి నేడు చదువులు ఏర్పడినవి, పట్టములు ఏర్పడినవి, కొలువులును ఏర్పడుచున్నవి. స్పోర్ట్స్ మేనేజ్‌మెంటు, ఫిట్‌నెస్ మేనేజ్‌మెంటు అను పేర్లతో ప్రకటనలలో కనబడుచున్న ఆ చదువులనుగూర్చి ముచ్చటించుటయే ఈ ప్రసంగోద్దేశము.

పెండ్లిలో వధూవరులు పీటలమీద కూర్చుండు కాలము స్వల్పము. అంతకు ముందు పందిరి వేయించుట మొదలు, అటుపిమ్మట విస్తళ్లు ఎత్తించుట వరకు సమస్తభారమును నెత్తిన వేసికొను పెండ్లిపెద్దను ఛాయాచిత్రములలో ఎవరును వెదకరు. క్రీడానిర్వాహకుని స్థితియు అట్టిదే. ఆట సక్రమముగా జరిగినచో ఆతడు ఉన్నట్లే ఎవరికిని తెలియదు. దీపములారిపోయినను, అంపైరు రాకపోయినను, త్రాగునీరు అయిపోయినను అందరి కన్నులును ఆతనిమీదనే పడును. చప్పట్లమీద మక్కువ గలవాడు ఈ చదువునకు తగడని మొదటనే చెప్పుట మంచిది.

ఈ పని మనకు క్రొత్తది కాదు. వీరఘట్టమున జన్మించి, విజయనగరమున సాముగరిడీలు నేర్చి, ఱొమ్మున ఏనుగును నిలిపి, ఉక్కుగొలుసులు తెంచి, కలియుగభీముడని ప్రఖ్యాతి గన్న కోడి రామమూర్తినాయుడుగారిని ఎరుగని తెలుగువారు అరుదు. అంతటి బలశాలియు మద్రాసు సైదాపేటకు పోయి వ్యాయామశిక్షణము క్రమపద్ధతిని పొందివచ్చి, విజయనగరమున పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసెనని తెలిసినవారు అంతకంటె తక్కువ. ఆయన సర్కసు కంపెనీ పెట్టినప్పుడు ప్రక్కన నిలిచిన పొట్టి పంతులుగారి పేరు తలచువారు మరింత తక్కువ. ఏ సర్కసునకైనను డేరా లేవవలెను, మృగములకు మేత రావలెను, ఊరూర అనుమతి పుచ్చుకొనవలెను, టిక్కెట్ల డబ్బునకు లెక్క తేలవలెను. ఏనుగును మోయు ఱొమ్ము ఒకరిదైనను, ఏనుగును వేళకు రంగస్థలమునకు తెప్పించు బుద్ధి మరియొకరిది కావలసియుండును.

ఈ బుద్ధిని బడిలో నేర్పవచ్చునను ఆలోచన మొదట ఎవరికి కలిగినదో చూచినచో వింతగా నుండును. 1957వ సంవత్సరమున, అమెరికాలో బ్రూక్లిన్ డాడ్జర్స్ అను బేస్‌బాల్ జట్టు యజమానియగు వాల్టర్ ఓమాలీ, జేమ్స్ మేసన్ అను వ్యాయామవిద్యాచార్యునకు ఒక లేఖ వ్రాసెను. క్రీడాసంస్థను నడుపుటకు తగిన శిక్షణ పొందిన మనుష్యుడు కావలసినచో తాను ఏ విద్యాలయము తలుపు తట్టవలెనని ఆ లేఖలోని ప్రశ్న. ఓమాలీ ఆ దినములలో తన జట్టును న్యూయార్కునుండి లాస్ ఏంజెలిసునకు తరలించుచుండెను. అట్టి మార్పులో భూమి బేరములు, క్రొత్త మైదానపు పథకములు, ప్రసారహక్కులు, ప్రేక్షకుల అలవాట్లు అన్నియు ఒక్కసారిగా మీదపడును. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరముగా మేసన్ చాలకాలము పాఠ్యప్రణాళికను చింతించి, 1966లో ఒహాయో విశ్వవిద్యాలయమున ఈ విషయమున స్నాతకోత్తర తరగతిని ప్రారంభించెను. క్రీడానిర్వహణమునకు ప్రపంచమున పుట్టిన మొదటి స్నాతకోత్తర పట్టము అదియే. ప్రశ్న వేసినవాడు ఆటగాడు కాడు, గురువు కాడు. తన సొమ్ము పెట్టి జట్టు నడుపు యజమాని. ఈ చదువునకు ఆ జన్మవాసన నేటికిని పోలేదు. అందులో వ్యాయామముకంటె వాణిజ్యమే ఒక పాలు హెచ్చు.

మన దేశమున కథ వేరుగా నడిచినది. మద్రాసులో 1920లో హ్యారీ క్రో బక్ అను అమెరికా దేశీయుడు వై.ఎం.సి.ఏ. వ్యాయామవిద్యాకళాశాలను స్థాపించెను. 1924లో పారిస్ ఒలింపిక్సునకు వెళ్లిన భారత బృందమునకు మేనేజరుగా పోయినవాడును ఆయనయే. మన పాఠశాలలలో డ్రిల్లు మాస్టరుగారని పిలువబడిన మహనీయులలో అనేకులు ఆ కళాశాల పరంపరకు చెందినవారే. మద్రాసు రాష్ట్రపు కాలమునుండి వచ్చిన పాఠశాలల గ్రిగ్స్ పోటీల పేరు వినినచో కోస్తా జిల్లాలలోని పెద్దవారి ముఖములు నేటికిని వికసించును. తరువాత 1957లో గ్వాలియరున లక్ష్మీబాయి కళాశాలయు, 1961లో పటియాలా మోతీబాగు రాజభవనమున జాతీయ క్రీడాసంస్థయు వెలసినవి. మొదటిది ఉపాధ్యాయులను, రెండవది శిక్షకులను తయారుచేయుటకు. నిర్వాహకుని మాత్రము ఎవరును తయారుచేయలేదు. ఆ పనిని పదవీవిరమణ చేసిన అధికారులును, ఊరి పెద్దలును, రాజకీయనాయకులును తీరికవేళల చూచుకొనుచుండిరి. ఆ తీరికదొరతనము ఎట్లుండెనో నేను వివరింపను. శ్రోతలలో ఏ ఆటతోనైనను పరిచయమున్నవారికి అది అనుభవైకవేద్యము. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల పిమ్మట, 1984లో భారత క్రీడాప్రాధికార సంస్థ ఏర్పడినది. 2008లో ఐ.పి.ఎల్. వచ్చినది. అప్పటినుండి గదా ఆట యొక వ్యాపారమని మనవారు బహిరంగముగా ఒప్పుకొనుట!

నిర్వాహకుడనగా కాగితముల వెనుక కూర్చుండు గుమాస్తా యని తలచువారికి హైదరాబాదు నివాసియగు సయ్యద్ అబ్దుల్ రహీంగారి చరిత్ర చెప్పవలెను. ఆయన బడిపంతులు, వ్యాయామవిద్యలో డిప్లొమా పుచ్చుకొన్నవాడు, 1943 మొదలు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి. 1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టును తన చేతికి తీసికొనగా, ఆ జట్టు బొంబాయి రోవర్స్ కప్పును వరుసగా అయిదు పర్యాయములు గెలుచుకొనెను. ఆయన తీర్చిన భారత జట్టు 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడల స్వర్ణపతకములు గడించి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచెను. జకార్తాలో రక్షణపంక్తి ఆటగాడైన జర్నైల్ సింగుకు తలకు గాయమై కుట్లు పడగా, ఆతనిని ముందువరుసకు మార్చి ఆడించిన సాహసమును, తుదిపోటీలో దక్షిణకొరియామీద 2-1గా వచ్చిన గెలుపులో ఒక గోలు ఆతడే చేయుటను ఫుట్‌బాల్ అభిమానులు నేటికిని చెప్పుకొందురు. మరుసటి సంవత్సరముననే రహీంగారు దివంగతులైరి.

ఆ విజయములకంటె నాకు ఎక్కువ ఆశ్చర్యము కలిగించునది, ఆయన హైదరాబాదులో ఏర్పరచిన చిన్నపోటీల పద్ధతి. బంతిని కాలియొద్ద నిలుపుకొని డ్రిబ్లింగు చేయరాదను నియమముతో ఒక పోటీ పెట్టెను. ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడవలెనను నియమముతో మరియొకటి పెట్టెను. ఆ కాలమున మన ఆటగాండ్రకు బంతిని వదలబుద్ధి కాదు. ఒక్కొక్కడును నలుగురిని దాటి మెప్పు పొందవలెనను ఉబలాటముతో ఉండును. ఇక ఒంటికాలి వాటము సర్వసామాన్యము. శిక్షకుడైనవాడు ఈ లోపములను కనిపెట్టి మందలించి ఊరకుండును. సంఘపు కార్యదర్శియైనవాడు పోటీలు ప్రకటించి, కప్పులు పంచి ఊరకుండును. ఈ రెండు కొలువులును ఒక్కనియందు కూడినందున, లోపమును దిద్దుటకే పోటీ పుట్టినది. పిల్లలు మందలింపు వినకయే, గెలుపుమీది ఆశతో, బంతిని తొందరగా అందించుటయు, రెండుకాళ్లతో తన్నుటయు నేర్చిరి. క్రీడానిర్వహణము విద్యయని నేను నమ్ముటకు ఇంతకంటె వేరొక సాక్ష్యము అక్కరలేదు. పోటీ యొక్క నియమావళియే పాఠ్యపుస్తకము కాగలదని గ్రహించుట ఆటగాని ప్రతిభ కాదు, వ్యాపారి ప్రతిభ కాదు. అది మూడవజాతి ప్రతిభ.

అట్టి ప్రతిభకు మొదటి మెట్టు లెక్కలు. ఈ మాట వినగానే, లెక్కలు తప్పించుకొనుటకే మైదానమునకు పరుగెత్తిన చిరంజీవులు ఉలికిపడుదురేమో! సంక్రాంతికి ఒక పల్లెలో కబడ్డీ పోటీ జరుగుచున్నదనుకొందము. 19 జట్లు వచ్చినవి. ఓడినవారు వెనుదిరుగు పద్ధతిలో ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క జట్టు తొలగును గనుక, విజేత తేలుటకు 18 ఆటలు కావలెను. 19నకు పైన, రెండును రెట్టించుచు పోగా వచ్చు సంఖ్య 32. అందులోనుండి 19 తీసివేయగా మిగిలిన 13 జట్లకు మొదటి చుట్టులో బై, అనగా ఆడకయే రెండవ చుట్టునకు పోవు అవకాశము, ఇచ్చి, తక్కిన 6 జట్లచేత 3 ఆటలు ఆడించినగాని రెండవ చుట్టులో సరిగా 16 జట్లు నిలువవు. ఫిక్చరు కాగితముమీద పైసగమున 10 జట్లు, క్రిందిసగమున 9 జట్లు. పైన 6 బైలు, క్రింద 7. ఆట యొక్కొక్క సగము 20 నిమిషములు, నడుమ విరామము 5 నిమిషములు. కావున 18 ఆటలకు, జట్లు కోర్టులోనికి వచ్చిపోవు కాలమును లెక్కలోనికి తీసికొనకున్నను, పదమూడున్నర గంటలు. ఒక్క కోర్టుమీద ఒక్కనాడే ముగింతునని మీసము దువ్విన పెద్దమనిషి అర్ధరాత్రి దాటిన పిమ్మట ఫైనలు ఆడించును. మొదటి చుట్టునుండి గెలిచివచ్చిన జట్టునకు అది ఆనాటి అయిదవ ఆట. ఆ ఆటలో ఒక కుర్రవాని కాలు విరిగినచో ఊరివారందరును దురదృష్టమని జాలిపడుదురు గాని, ఆ కాలు ఉదయము చీటీలు వేసిన వేళనే సగము విరిగినదని ఎవరికిని తోచదు. రెండు కోర్టులు వేయించియో, రెండు దినములకు పంచియో, జట్లను ముందుగా లీగు విభాగములుగా విడదీసియో ఈ ఆపదను తప్పించుటను మన కళాశాలల ఫిజికల్ డైరెక్టర్లు అలవోకగా చేయుదురు. వారికి దక్కవలసిన గౌరవము దక్కలేదని నా అభిప్రాయము.

పరుగుపందెపు గీతలు గీయుటలోను ఇంతే. 400 మీటర్ల పరుగులో రెండవ వరుసవాడు మొదటివానికంటె 7.04 మీటర్లు ముందు నిలుచుండుట చూచి పక్షపాతమని కేకలు వేయువారు ఇప్పటికిని కలరు. వరుస వెడల్పు 1.22 మీటర్లు. మొదటి వరుస దూరమును లోగట్టునకు 30 సెంటీమీటర్ల ఇవతలను, తక్కిన వరుసల దూరమును వాని లోగీతకు 20 సెంటీమీటర్ల ఇవతలను కొలుతురు. అందుచేత మొదటివాని దారికిని రెండవవాని దారికిని వ్యాసార్ధములో భేదము 1.12 మీటర్లు, వృత్తపరిధి సూత్రమున దానిని హెచ్చవేసినచో 7.04 వచ్చును. పదవ తరగతి లెక్క! సున్నము బుట్ట పట్టుకొని ఎండలో వంగి గీత గీయు మనుష్యునకు ఆ లెక్క తెలియకున్నచో, పందెమున ప్రథముడు వచ్చినవాడు నిజముగా ప్రథముడో కాదో భగవంతునకే తెలియవలెను.

ఇక చోటును కాపాడు పని. హైదరాబాదున 2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలు జరిగినవి. గచ్చిబౌలి, సరూర్‌నగర్, యూసఫ్‌గూడలలో విశాలమైన క్రీడాప్రాంగణములు లేచినవి. ఇట్టివి కట్టునప్పుడు పునాదిరాయికి శిలాఫలకము కలదు, ప్రారంభమునకు రిబ్బను కలదు; పదియవ యేట పైకప్పు కారుచున్నదని కనిపెట్టి బాగుచేయించినవానికి ఏ ఫలకమును లేదు. ఒక ఈతకొలనును మాత్రము తీసికొందము. 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు ఉన్నచో అందు పట్టు నీరు 25 లక్షల లీటర్లు. ఆ నీటిని నిత్యము వడకట్టవలెను, క్లోరిను కలుపవలెను, దాని పి.హెచ్. విలువ 7.2కును 7.8కును నడుమ ఉన్నదా యని పరీక్షించి పుస్తకమున వ్రాయవలెను. ఆ విలువ మితిమీరి పెరిగినచో క్లోరిను పనిచేయదు. తగ్గినచో పిల్లల కన్నులు మండును, గొట్టములు తినివేయబడును. ఇంత చేసి, వేసవిలో కిటకిటలాడి వానకాలమున బోసిపోవు ఆ కొలనునకు సంవత్సరపు ఖర్చు ఎట్లు రాబట్టవలెను? పాఠశాలలకు ఉదయము, ఉద్యోగులకు సాయంకాలము, స్త్రీలకు ప్రత్యేకసమయము, వృద్ధులకు నీటివ్యాయామము అని గంటలను పంచి అమ్మగల నేర్పు కావలెను. మైదానమును సంగీతకచేరీకి అద్దెకిచ్చిన సొమ్ము, మరునాడు చెడిన పచ్చికను బాగుచేయు ఖర్చునకు చాలునో చాలదో ముందే గుణించి చెప్పగల తెలివి కావలెను. ఈ తరగతి ఉద్యోగమున ఎందరు శిక్షితులున్నను మనకు ఇంకను కొఱతయే.

దేహదార్ఢ్యపు శాఖకు వత్తము. ఒకప్పుడు మన పట్టణములలో తాలింఖానాలుండెడివి. మట్టిగోదాలో దండీలు, బస్కీలు తీయించి, గద త్రిప్పించు ఉస్తాదునకు గురుపూర్ణిమనాడు పండ్లును పంచెయు సమర్పించిన చాలును. నేడు ప్రతి వీధిమలుపునను అద్దాల గోడల జిమ్ము కలదు. దాని యజమానులలో అధికసంఖ్యాకులు మంచి కండలు గలవారే గాని మంచి లెక్కలు గలవారు కారు. జనవరి మాసమున క్రొత్తసంవత్సరపు సంకల్పముతో వచ్చినవారివద్ద సంవత్సరపు చందా మొత్తముగా పుచ్చుకొని, అది ఆదాయమని తలచి, ఆ సొమ్ముతో మరియొక యంత్రము కొనివేయుదురు. నిజమునకు అది ఆదాయము కాదు, బాకీ. పండ్రెండు నెలలు అద్దెకట్టి, కరెంటు కట్టి, శిక్షకులకు జీతమిచ్చి ఆ చందాదారునకు సేవ చేయవలసిన బాకీ. ఆగస్టు వచ్చునప్పటికి పెట్టె ఖాళీ, తలుపునకు తాళము. ఈ ఒక్క సంగతిని వాణిజ్యశాస్త్రపు మొదటి సంవత్సరపు విద్యార్థి ఎరుగును. కండలు పెంచినవాడు ఎరుగడు. ఇట్టి వారిద్దరును ఒక్కరే కావలెనని ఫిట్‌నెస్ మేనేజ్‌మెంటు చదువు ఉద్దేశించుచున్నది.

అంతకంటె గురుతరమైనది ప్రాణబాధ్యత. ఏబదియైదేండ్ల గృహస్థుడొకడు, వైద్యుడు నడువుమని చెప్పగా, జిమ్ములో చేరుటకు వచ్చినాడనుడు. శిక్షితుడైన శిక్షకుడు ఆతనిని తిన్నగా ట్రెడ్‌మిల్లు ఎక్కింపడు. గుండెజబ్బు గాని రక్తపోటు గాని కలదా, శ్రమ చేయునప్పుడు ఛాతీలో నొప్పి వచ్చునా, తల తిరిగి పడిన సందర్భము కలదా, ఎముకలు కీళ్ల బాధ కలదా, ఏ మందులు వాడుచున్నారు అని, అంతర్జాతీయముగా వాడుకలోనున్న ఏడు ప్రశ్నల పత్రమును ముందుంచి సమాధానములు వ్రాయించుకొనును. ఇన్సులిను పుచ్చుకొనువాడైనచో భోజనమునకును వ్యాయామమునకును నడుమ వ్యవధి ఎంతయని అడిగి, జేబులో చక్కెరబిళ్ల ఉంచుకొమ్మని చెప్పును. ఏలయన శ్రమచే చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చును. ఎవడైన కుప్పకూలినచో అంబులెన్సు వచ్చువరకు ఛాతీమీద ఒత్తుచు గుండెను ఆడించుట ఆతడు నేర్చియుండును. పెద్దవారికి వారమునకు కనీసము 150 నిమిషముల మితమైన శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచుండగా, మూడునెలలలో కథానాయకుని దేహము తెప్పింతునని వాగ్దానము చేసి, కమీషనుకొఱకు ఏవో పొడుల డబ్బాలు అంటగట్టువానిని నేను శిక్షకుడనను, అంగడివాడనెదను. ఆ డబ్బాలోనిదేదో తిని, పోటీలకు వెళ్లిన పిల్లవాడు డోపింగు నిరోధక పరీక్షలో పట్టుబడి సంవత్సరములకొలది నిషేధము అనుభవించినచో, తెలియక తిన్నానను మాట ఆతనిని కాపాడదు. నోటిలోనికి పోయినదానికెల్ల ఆటగాడే బాధ్యుడని ఆ పరీక్షల నియమావళి చెప్పుచున్నది.

ఇక ఎక్కడ చదువవలెనను ప్రశ్న. మన రెండు రాష్ట్రములలో పీసెట్ అను ప్రవేశపరీక్షద్వారా, ఇంటర్మీడియట్ తరువాత యు.జి.డి.పి.ఎడ్., డిగ్రీ తరువాత బి.పి.ఎడ్. చదువవచ్చును, రెండును రెండేండ్లవి. హైదరాబాదు దోమలగూడలోని ప్రభుత్వ వ్యాయామవిద్యాకళాశాల మొదలు అనేక విశ్వవిద్యాలయములలో ఈ చదువు కలదు. శిక్షకుడు కాదలచినవారికి పటియాలా డిప్లొమా నేటికిని గౌరవపాత్రమైనది. ఇంఫాలున జాతీయ క్రీడావిశ్వవిద్యాలయము వెలసినది. కేవలము నిర్వహణమునకైనచో కలకత్తాలో ఐ.ఐ.ఎస్.డబ్ల్యు.బి.ఎం., రోహతక్‌లో ఐ.ఐ.ఎం. వంటివి స్నాతకోత్తర డిప్లొమాలు ఇచ్చుచున్నవి. నా మతమడిగినచో, పదునెనిమిదేండ్లకే క్రీడానిర్వహణమను ఇరుకుసందులో దూరుటకంటె, ముందుగా బి.కాం. గాని బి.పి.ఎడ్.నకు దారితీయు డిగ్రీ గాని చేసి, మైదానపు దుమ్ము కొంత మ్రింగి, ఆపైన నిర్వహణము చదువుట క్షేమము. లక్షల రుసుము పుచ్చుకొని, ప్రఖ్యాత ఆటగాని బొమ్మను ప్రకటనలో అచ్చువేసి, సొంతముగా ఒక వాలీబాల్ కోర్టైనను లేని సంస్థలు కొన్ని బయలుదేరినవి. అట్టిచోట చేరబోవువారు ప్రిన్సిపాలుగారి గదిలో కూర్చుండి కాఫీ త్రాగి రాక, నిరుటి తరగతి విద్యార్థులు నేడు ఎక్కడ పనిచేయుచున్నారో పేరు పేరున కనుగొని, వారిలో ఇద్దరికైన ఫోను చేసి మాట్లాడవలెను.

కొలువులమాట. లీగుల మెరుపు చూచి మురిసిపోరాదు. సన్‌రైజర్స్ అను క్రికెట్ జట్టయినను తెలుగు టైటన్స్ అను కబడ్డీ జట్టయినను పోటీలు సాగునది సంవత్సరమున కొలది నెలలే, అందు క్రొత్తవారికి దొరుకు పని అనేకసారులు ఆ ఋతువుతోనే ముగియును. జిమ్ము శిక్షకుని దినచర్య తెల్లవారుజామున అయిదింటికి మొదలై, మధ్యాహ్నమంతయు ఖాళీగా నుండి, సాయంకాలము మరల రాత్రి పదింటివరకు సాగును. కుటుంబజీవనమునకు అది కొంత కష్టమే. స్థిరమైన పనులు ఇంతగా కంటికి కనబడనివి: పెద్ద పాఠశాలల క్రీడావిభాగములు, కంపెనీల ప్రాంగణములు, హైదరాబాదు చుట్టును వెలసిన నివాససముదాయముల క్లబ్‌హౌసులు, ఆసుపత్రులలో ఫిజియోతెరపీ శాఖలకు అనుబంధమైన వ్యాయామకేంద్రములు, జిల్లా క్రీడాధికారుల కార్యాలయములు. చిన్న పట్టణములలో స్త్రీలు నడుపు వ్యాయామశాలలకు గిరాకీ ఉన్నంతగా వానిని నడుపువారు లేరు. బాలికల తల్లిదండ్రులు ఈ మాటను ప్రత్యేకముగా ఆలోచింపవలెను. 2025లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడాపాలన చట్టము, సమాఖ్యల ఎన్నికలకును, పాలనకును, వివాదముల పరిష్కారమునకును జాతీయ క్రీడామండలిని, ప్రత్యేక న్యాయాధికరణమును ఏర్పరచినది. తీరికదొరతనపు కాలము చెల్లుచున్నదనుటకు అదియొక సూచన. ఆ చట్టము చదివి అర్థము చేసికొని, సంఘపు పత్రములు చక్కబెట్టగల యువకుడు ఏ సమాఖ్యకైనను రేపు కావలసినవాడగును.

ఆటగాండ్రే ఈ మార్గమునకు మళ్లుట ఎంత ఫలవంతమో తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. సిడ్నీ ఒలింపిక్సులో 2000వ సంవత్సరమున 240 కిలోల మొత్తమును ఎత్తి కాంస్యపతకము తెచ్చిన శ్రీకాకుళపు ఆడపడుచు కరణం మల్లేశ్వరి 2021లో ఢిల్లీ క్రీడావిశ్వవిద్యాలయమునకు ఉపకులపతి యయ్యెను. 2001లో ఆల్ ఇంగ్లండు బ్యాడ్మింటన్ విజేతయైన పుల్లెల గోపీచంద్, ప్రభుత్వమిచ్చిన స్థలమున గచ్చిబౌలిలో అకాడమీ కట్టుటకు తన ఇంటిని తాకట్టు పెట్టి, 2008లో దానిని నిలబెట్టెను; సైనా 2012లోను, సింధు 2016లోను తెచ్చిన ఒలింపిక్ పతకములకు మూలము అచటనే కలదు. జనులు చూచినది రాకెట్టు. ఆ రాకెట్టు వెనుక తెల్లవారకముందే దీపములు వెలిగించు మనిషి, షటిల్ కాక్‌లు ఎన్ని డబ్బాలు మిగిలినవో చూచు మనిషి, పిల్లల భోజనము రుచిచూచు మనిషి, రాని దాతకు పదియవసారి ఫోను చేయు మనిషి ఉండకతప్పదు.

కావున ఈ చదువున చేరదలచిన చిరంజీవులు ముందుగా ఒక పని చేసి చూడవలెను. మీ ఊరిలోనో మండలకేంద్రమునందో ఈ వేసవిలో ఏదో ఒక పోటీ జరుగకమానదు. ఆడుటకు కాక, ఆడించుటకు పొండు. స్కోరుపత్రము వ్రాయుడు; నీటికుండలు నింపుడు; ఆలస్యముగా వచ్చిన జట్టుతో వాదింపుడు; ఓడినవారి తిట్లు వినుడు; బహుమతి ప్రదానము ముగిసి పెద్దలందరును కార్లెక్కిన పిమ్మట వల విప్పి, బంతులు లెక్కించి, మిగిలిన డబ్బును రసీదులతో సరిచూచి ఇంటికి రండు. మరునాడు మరల పోవలెనని బుద్ధి పుట్టినచో నిస్సందేహముగా దరఖాస్తు పెట్టుడు. పీసెట్‌లో పరుగు, దూకుట, గుండు విసరుట వంటి పరీక్షలును, ఒక ఆటలో నైపుణ్యపరీక్షయు ఉండును. హాలుటిక్కెట్టు చేతికి వచ్చిన పిమ్మట సాధన మొదలుపెట్టినవారు మొదటి చుట్టులోనే ఆయాసపడుచుందురు.